రెండు వందలు ఎక్కువ

గడియారం పదకొండు దాటింది. పన్నెండు లోపల ఒక్కొక్కరే మేనేజరు గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టి రావాలి, పెట్టని వాళ్ళు రేపటి నుంచి పనికి రానక్కర్లేదు. మేనేజరు ఆ మాట అరిచి చెప్పలేదు, నవ్వుతూ చెప్పాడు. వరండాలో తన వంతు కోసం కూర్చున్న అతనికి, నవ్వుతూ చెప్పే మాటలంటే చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. అయినా సంతకం పెట్టడానికే వచ్చాడు. పొద్దున గడ్డం గీసుకుంటున్నప్పుడే నిశ్చయించుకున్నాడు, అద్దంలో ఉన్నవాడు కూడా కాదనలేదు. యాభై ఏడేళ్ళ మనిషి. చేతనైన పని ఒక్కటే, ఈ లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిరి రోలరు లోంచి కాలుతూ వచ్చే దుప్పటి అంచుని రెండు చేతులా పట్టుకుని, అవతలి మనిషి రెండో అంచు పట్టుకునే దాకా కింద పడకుండా చూడడం. ఆ పనికి ఎవరూ బిరుదులివ్వరు. ఆ పని ఇక్కడ పోతే ఇంకోచోట దొరకదు. దొరికినా ఈ వయసు వాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు. లోపల మేనేజరు ఫోనులో మాట్లాడుతున్నాడు, అయిదు నిమిషాలన్నాడు, అప్పుడే పావుగంట అయింది. వరండాలో బల్ల మీద అతనితో కలిపి అయిదుగురు, ఎవరి కాగితం వాళ్ళ ఒళ్ళో. ఎవరూ ఎవరి కాగితంలోకీ చూడ్డం లేదు. పరీక్ష రాసే పిల్లలే నయం, కనీసం దొంగచూపులైనా చూస్తారు.

రోలరు ఆగింది. పదకొండేళ్ళలో పట్టపగలు అది ఆగడం ఇదే మొదలు, ఆ చప్పుడు లేకపోతే చెవుల్లో ఏదో ఊడిపోయినట్టుంది, ఎక్కడో కుళాయి కారుతున్న చుక్క కూడా వినిపిస్తోంది. ఇవాళ ఆసుపత్రి దుప్పట్లు మూడు తోపుడు బళ్ళు, హోటలు దుప్పట్లు రెండు, అలా గుట్టలుగా పడి ఉన్నాయి. ఆసుపత్రి దుప్పటి ముతక, చెప్పినట్టు వింటుంది. హోటలు దుప్పటి జారుతుంది, గారాబంగా పెరిగిన పిల్లలాగా. ఇక నుంచి వీటికి కిలోల లెక్కన జీతమట. ఒళ్ళో ఉన్న కాగితంలో రెండో పేజీ మొదట్లో అదే ఉంది, నెల జీతం పోయి బరువును బట్టి కూలి. నిన్న సాయంత్రం పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు. పల్లెటూరి బడిలో అయిదు దాకా చదివిన చదువు, పెదాలు కదలందే అక్షరం లోపలికి పోదు. ఆరిపోయిన దుప్పటి బరువెంత? చేతిలో ఉన్నట్టే ఉండదు. అదే దుప్పటి నీళ్ళతో ఉన్నప్పుడు తూస్తే ఇద్దరు మోయాలి. తూకం ఎప్పుడు వేస్తారో కాగితంలో రాయలేదు. అది రాయకపోవడంలోనే ఉంది తెలివంతా. హోటలు ఖాళీగా ఉన్న వారం ఏం తూస్తారు, మమ్మల్నా? చివరి పేజీలో చివరి వాక్యం దగ్గర మాత్రం అతని పెదాలు ఆగిపోయాయి. జీతభత్యాల వివరాలు తోటి ఉద్యోగులతో చర్చించరాదు. ఆ వాక్యం అతనికి కొత్త కాదు. పదకొండేళ్ళుగా దాన్ని నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు, ఇప్పుడు అచ్చులో చూశాడు, అంతే.

చేరిన ఆరు నెలలకి ఇదే తలుపు. అప్పుడు దీనికి ఈ ఆకుపచ్చ రంగు లేదు. మేనేజరు లోపలికి పిలిచి, తలుపు వేసి, కుర్చీ చూపించి, గొంతు తగ్గించి, మీ ఒక్కరికే రెండొందలు ఎక్కువ వేస్తున్నా పెద్దాయనా, మీ పని చూసి వేస్తున్నా, బయట చెప్పకండి, మిగతా వాళ్ళు నా మీద పడతారు అన్నాడు. అప్పటికి అతనికి నలభై ఆరు, పెద్దాయన కాదు. ఆ పిలుపుకే సగం పడిపోయాడు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తుంటే భూమి కాస్త కిందికి జరిగినట్టనిపించింది. ఇంట్లో ఆవిడకి చెప్పాడు. ఆవిడకి చెప్పకుండా అతను ఏదీ దాచలేదు, దాచినా ఆవిడ తీసేది. ఆవిడ గిన్నె తోముతూ, తల కూడా ఎత్తకుండా, "మీ ఒక్కరికే ఎందుకిస్తాడట? మీ అందం చూసా?" అంది. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు, "అలక తీరిందా, లేకపోతే ఇంకో రెండొందలు వేయమంటారా?" అంది. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆవిడ ఒంట్లోనే లేదు. పోయి నాలుగేళ్ళయింది. కాలమే మరిపిస్తుంది అని చెప్పిపోయిన వాళ్ళ పేర్లు అతని దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, ఒక్కరినీ క్షమించలేదు. మరిపించదు. ఆ గిన్నె కూడా ఉంది, తోమేవాడు మారాడు.

పక్కనే అక్క. అక్క అంటే అందరికీ అక్క, అతన్ని మాత్రం అన్నయ్యా అంటుంది. దుప్పటికి రెండో అంచు ఈవిడే. పదకొండేళ్ళుగా రోజుకి మూడు నాలుగు వందల దుప్పట్లు, ప్రతి దుప్పటికీ ఇద్దరూ దూరంగా నిలబడి లాగి, దులిపి, ఒకరి వైపు ఒకరు నడిచొచ్చి, ఆవిడ అంచులు అతని చేతిలో పెట్టి, వంగి కింది మడత అందుకుని, మళ్ళీ వెనక్కి. పెళ్ళిలో కూడా ఎవరూ ఇన్నిసార్లు ఎదురెదురుగా నడవరు అని ఇదే బల్ల మీద కూర్చున్న చొక్కాల తమ్ముడు ఏడిపిస్తాడు. వేడి వైపు ఎప్పుడూ అతనే. రోలరు లోంచి వచ్చే మొదటి అంచు పట్టుకుంటే వేలికొసలు చురుక్కుమంటాయి, పదకొండేళ్ళకి ఆ వేళ్ళకి తోలు మందమైంది, ఇంట్లో పొయ్యి మీది గిన్నె గుడ్డ లేకుండా దించుతాడు. వంతులు వేసుకుందాం అన్నయ్యా అని మొదట్లో ఆవిడ అడిగింది. వద్దన్నాడు. ఆవిడ అతన్ని మంచివాడు అనుకుంది. మంచితనం కాదు, రెండు వందలు. ఈవిడ కన్నా రెండు వందలు ఎక్కువ తీసుకుంటూ ఈవిడ చేత వేలు కాల్పించడం ఎలా? ఆ సంగతి చెప్పలేడు, చెప్పకుండా ఉండలేడు, అందుకని వేలు కాల్చుకున్నాడు. అది ఒకవైపు. ఇంకో వైపు ఆవిడ తెచ్చే అన్నం డబ్బా. ఇంట్లో ఆవిడ చనిపోయిన వారం నుంచీ అక్క రెండు డబ్బాలు తెస్తోంది, ఒకటి అతని ముందు పెడుతుంది, ఏమీ అనదు. నాలుగేళ్ళుగా ఆ డబ్బా తింటున్నాడు. ప్రతి ముద్దలోనూ జాలి తగిలింది అతనికి. జాలి అన్నంలో రాయి లాంటిది, ఉమ్మలేడు, నమలలేడు. వద్దు అని చెప్పడానికి నాలుగేళ్ళుగా ఒక వాక్యం తయారుచేసుకుంటున్నాడు. వంట బాగుంటుంది, అందుకని ఆ వాక్యం పూర్తి కాలేదు.

లోపల ఫోను ఇంకా నడుస్తోంది. అలాగే సార్, తప్పకుండా సార్. ఆ గొంతు వింటే అతనికి చిత్రంగా ఉంది, తనతో మాట్లాడేటప్పుడు ఉండే గొంతు కాదది, నడుం వంగిన గొంతు. నిన్న సాయంత్రం గేటు దగ్గర భుజం మీద చెయ్యి వేసి, మీ సంగతి నేను చూసుకుంటాగా పెద్దాయనా, మీరు ముందు పెట్టేయండి, మిమ్మల్ని చూసి మిగతా వాళ్ళు పెడతారు అన్నాడు. అంటే మందకి ముందు నడిచే మేక. ఆ మాట అప్పుడే తట్టింది గానీ పక్కకి నెట్టేశాడు, రెండు వందలు ఎక్కువ ఇచ్చేవాడు మేకకి అన్యాయం చేయడులే అనుకున్నాడు. బల్లకి అటు చివర కుట్టుమిషను అమ్మాయి కాళ్ళు ఊపుతోంది. చిరిగిన దుప్పట్లకి మాసికలు వేసే పిల్ల, వచ్చి నాలుగు నెలలే. భయమంటే ఏమిటో ఇంకా ఎవరూ నేర్పలేదు. ఊపుతూ ఊపుతూ, రేపు వాన పడుతుందా అని అడిగినంత తేలిగ్గా అడిగింది.

"అక్కా, మీకు కూడా రెండొందలు ఎక్కువని చెప్పారా?"

అక్క ఒళ్ళో కాగితం జారి కింద పడింది. అక్క తీసుకోలేదు ఆ కాగితం. మెడ మీద నుంచి ఎర్రగా పైకి పాకుతున్న సిగ్గుతో నేల చూపులు చూస్తూ, దొంగతనం ఒప్పుకున్నట్టు, "నీకెవరు చెప్పారే?" అంది.

"నాక్కూడా చెప్పారు కాబట్టి. చేరిన రెండో వారమే. నా కుట్టు చూసి ఇస్తున్నారట. అప్పటికి నేను కుట్టింది మూడు దుప్పట్లు, అందులో రెండు వంకర."

చొక్కాల తమ్ముడు లేచి నిలబడ్డాడు. హోటలు వాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేసే మనిషి, నలభై ఏళ్ళు, ప్రతి శనివారం అందరికీ టీ తనే తెప్పిస్తాడు, డబ్బులిస్తే తీసుకోడు. "నాకూ చెప్పాడు," అన్నాడు. "ఏడేళ్ళు. ఏడేళ్ళ శనివారాలు. మీ అందరికన్నా రెండొందలు ఎక్కువ తింటున్నానని మొహం చూపించలేక మీకు టీలు పోయించాను కదా!"

అక్క మెల్లిగా అతని వైపు తిరిగింది. ఆవిడ మొహం అన్నిసార్లు ఎదురుగా చూశాడు గానీ ఇంత దగ్గరగా, మధ్యలో దుప్పటి లేకుండా చూడలేదు. "అన్నయ్యా, నీకు?"

పదకొండేళ్ళుగా నోట్లో పెట్టుకు తిరిగిన వాక్యం. తీసి అవతల పారేస్తే నోరు ఖాళీ అయిపోతుందేమోనని ఒక క్షణం భయం వేసింది. "తొమ్మిది వేల రెండొందలు," అన్నాడు.

"నాదీ అంతే," అంది అక్క.

"నాదీ," అన్నాడు తమ్ముడు.

"నాదీ," అంది పిల్ల.

అక్క రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. "అయ్యో అన్నయ్యా," అంది వేళ్ళ సందుల్లోంచి, "డబ్బా అందుకే తెచ్చాను. నువ్వు ఒంటరివాడివి, నీ కన్నా నాకు ఎక్కువిస్తున్నారాయె, ఆ పాపం ఎలాగో కడుక్కోవాలిగా!" జాలి కాదు. జాలి కాదు! నాలుగేళ్ళ అన్నంలోంచి ఆ రాళ్ళన్నీ ఒక్కసారి తీసి పారేసినట్టయింది. ఈవిడకి తన మీద జాలి లేదు, తనకి లాగే పాపభయం, ఇద్దరూ ఒకే దుప్పటికి రెండు అంచులు పట్టుకున్నట్టు ఒకే అబద్ధానికి రెండు అంచులు పట్టుకుని నడిచారు. వేళ్ళు ఎత్తి చూపించాడు. "ఇవి చూశావా? వేడి వైపు ఎందుకు నిలబడ్డాననుకున్నావు?" ఆవిడ చూసింది, అర్థం చేసుకుంది, అప్పుడు వచ్చింది నవ్వు. అక్క నవ్వితే సన్నగా మొదలై కోడిపెట్ట గుడ్డు పెట్టినట్టు ముగుస్తుంది. తమ్ముడు గోడకి ఆనుకుని జారిపోయాడు. పిల్ల చప్పట్లు కొట్టింది. ఇక అతను. చివరిసారి ఎప్పుడు నవ్వాడో గుర్తు లేదు, పక్కటెముకలకి గుర్తున్నట్టుంది, వాడక తప్పిన తలుపులాగా కిర్రుమని తెరుచుకుని, ఒకసారి తెరుచుకున్నాక మళ్ళీ మూతపడలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ అనుకున్నాడు, మీ అందం చూసా అంది ఇంట్లో ఆవిడ. ఎంత కరెక్టుగా అంది. గిన్నె తోముతూ, తల ఎత్తకుండా, ఒక్క నిమిషంలో. ఇప్పుడుంటే చెప్పలేదూ అని నెల రోజులు చంపుకు తినేది. ఆ నెల రోజుల కోసం ఏమైనా ఇచ్చేవాడు. ఓడిపోవడం ఇంత సంతోషంగా ఉంటుందని తెలిస్తే ఆవిడ ముందు ఇంకా తరచుగా ఓడిపోయేవాడు.

"రేపటి నుంచి డబ్బా లేదు," అంది అక్క.

"రేపటి నుంచి వంతులు," అన్నాడు.

"అమ్మో. అయితే డబ్బా ఉందిలే."

తలుపు సందులోంచి మేనేజరు తల వచ్చింది, "ఏంటా నవ్వులు, ఫోను వినపడట్లా," అని మళ్ళీ లోపలికి పోయింది. అది చూసి ఇంకా నవ్వారు. నవ్వు కాస్త సద్దుమణిగాక గానీ ఎవరూ గమనించలేదు, బల్ల మధ్యలో సబ్బు బాబాయ్ నవ్వలేదు. మాసిన బట్టలు నానబెట్టి ఉతికే పెద్ద మిషన్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఉన్న మనిషి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతులు ఎప్పుడూ నానిన అట్టలాగా తెల్లగా. అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు, వేరే భాషలో హాస్యం విన్నట్టు.

"రెండొందలేంట్రా?" అన్నాడు. "నన్నెప్పుడూ ఆ గదిలోకి పిలవలేదు. బూట్లు తడి, రాకు అంటాడు. జీతం కవరు కిటికీలోంచి ఇస్తాడు."

"ఎంత బాబాయ్ నీకు?"

"ఎనిమిది వేల తొమ్మిదొందలు. అందరికీ అంతే కదా."

కుళాయి చుక్క మళ్ళీ వినిపించింది. కుట్టుమిషను పిల్ల కాళ్ళు ఊపడం ఆపింది, నాలుగు నెలల పిల్ల, ఇరవై రెండేళ్ళ మనిషి కన్నా మూడు వందలు ఎక్కువ తెచ్చుకుంటోంది, ఆ ఎక్కువ ఇప్పుడు నిజంగా ఎక్కువ. అతనికి అప్పటి దాకా పొంగిన సంతోషం పొంగినచోటే గట్టిపడింది. పోలేదు, నిలబడడానికి పనికొచ్చేలా అయింది. పదకొండేళ్ళలో జీతం పెంచమని ఒక్కసారి అడగలేదు. ఎలా అడుగుతాడు, రహస్యంగా ఎక్కువ తింటున్నవాడు. అక్క అడగలేదు. తమ్ముడు అడగలేదు. మేనేజరు ఒక్కొక్కరికీ ఒక ముద్ద పెట్టి నోరు కుట్టేశాడు, ఏ ముద్దా దక్కని బాబాయికి అసలు అడగాలనే తెలియదు. ఇంత చవకగా ఎవరి నోరైనా కొనొచ్చా? కొన్నాడుగా. నాది కొన్నాడుగా. తనని తాను కూడా క్షమించలేదు అతను, ఆ చిట్టాలో ఆఖరి పేరుగా రాసుకున్నాడు.

పిల్ల చెబుతోంది. కాగితాలిచ్చాక తన సెలవు రోజున కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళిందట, అక్కడ కళ్ళద్దాల ఆవిడని అడిగిందట. "ఒప్పందం అంటే ఇద్దరు ఒప్పుకున్నదట. ఒకళ్ళే మార్చేసి పెట్టు సంతకం అంటే కుదరదట. చదువుకోడానికి గడువివ్వాలట, ఒప్పుకోనంటే అప్పటిదాకా పాతదే నడుస్తుందట. ఇంకోటి, మన జీతం మనం చెప్పుకోడానికి ఎవర్నీ అడగక్కర్లేదట."

"ఇదంతా చెప్పడానికి ఎంత పుచ్చుకుంది?" అన్నాడు తమ్ముడు.

"ఊరికే చెప్పింది."

"ఊరికేనా! ఇన్నేళ్ళు ఊరికే దొరికేదాన్ని వదిలేసి నేను టీలు పోయించానా!"

తలుపు తెరుచుకుంది. మేనేజరు, చేతిలో పెన్ను, మొహాన నవ్వు. "పెద్దాయనా, ముందు మీరు రండి." అతను లేచాడు. కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, ఎవరివో కుర్ర కాళ్ళు అరువు తెచ్చుకున్నట్టు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి బాబాయ్ చెయ్యి పట్టుకున్నాడు, ఆ నానిన చెయ్యి చల్లగా ఉంది. "నడు బాబాయ్." బూట్లురా, అన్నాడు బాబాయ్. రానీ, అన్నాడు అతను. వెనకాల అక్క, తమ్ముడు, పిల్ల. ఒక్కొక్కరే అన్నానుగా అని మేనేజరు అంటూనే ఉన్నాడు, అయిదుగురూ లోపల ఉన్నారు. గదిలో ఎదురు కుర్చీ ఒక్కటే. దాంట్లో బాబాయిని కూర్చోబెట్టారు. నున్నటి గచ్చు మీద బూట్ల నీళ్ళు మెల్లిగా మడుగు కట్టి బల్ల కిందికి, మేనేజరు చెప్పుల వైపు బయల్దేరాయి. అతనికి ఆ నీళ్ళు చూస్తుంటే పండగలా ఉంది.

"చదవండి సార్," అన్నాడు.

"మీ దగ్గర కాపీ ఉందిగా?"

"నాకు పెదాలు కదపందే రాదు. మీరు కదపండి."

మేనేజరు చదివాడు. పైకి చదివితే తెలుస్తుంది ఏ మాట ఎలాంటిదో. కిలోల దగ్గర తొందరగా చదివాడు, చివరి వాక్యం దగ్గర గొంతు తగ్గించాడు. వినపళ్ళేదు సార్, అంది అక్క. మళ్ళీ చదివాడు. జీతభత్యాల వివరాలు తోటి ఉద్యోగులతో చర్చించరాదు. అప్పుడు అతను, ఎవరూ అడగకుండానే, "తొమ్మిది వేల రెండొందలు సార్ నాది," అన్నాడు. అక్క తనది చెప్పింది. తమ్ముడు. పిల్ల. ఆఖరున బాబాయ్, కుర్చీలో నిటారుగా, "ఎనిమిది వేల తొమ్మిదొందలు, ఇరవై రెండేళ్ళు," అన్నాడు. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. నీళ్ళు అతని చెప్పుల్ని చేరాయి, కాళ్ళు పైకి తీసుకోవాలో వద్దో తెలియక అలాగే ఉంచాడు.

"మీరు కూడానా పెద్దాయనా?"

"నా దగ్గర మొదలెట్టింది మీరే కదా సార్."

ఆ తరవాత ఫోను. అలాగే సార్, లేదు సార్, అందరూ సార్, అవును, ఒకేసారి సార్. అవతల యజమాని ఏమన్నాడో తెలియదు. ఆసుపత్రి వాళ్ళు రెండింటికి దుప్పట్ల కోసం బండి పంపిస్తారు, రోలరు ఆగి ఉంది, ఆ ముక్క మాత్రం మేనేజరు రెండుసార్లు చెప్పాడు. ఫోను పెట్టేసి, సోమవారం యజమాని వచ్చి అందరితో కలిసి మాట్లాడతారు, అప్పటిదాకా పాత ఒప్పందమే, ఎవరినీ తీసేయడం లేదు అన్నాడు. రాసివ్వండి, అంది కుట్టుమిషను పిల్ల. రాశాడు. సోమవారం మొదటి మాట బాబాయ్ జీతం అని కూడా రాయండి, అన్నాడు అతను. అదీ రాశాడు. కింద సంతకం పెట్టాడు. పొద్దున్నుంచీ అందరి సంతకాల కోసం సిద్ధం చేసిన ఆ పెన్నుతో ఆ రోజు సంతకం పెట్టింది మేనేజరు ఒక్కడే.

పన్నెండు అవడానికి ఇంకా మూడు నిమిషాలున్నాయి. బయటికి వచ్చేసరికి వరండాలో ఎవరో ఆవిడ నిలబడి ఉంది, ముప్పై ఏళ్ళుంటాయేమో, చంకలో సంచి, చేతిలో ప్లాస్టిక్ కవరులో కాగితాలు. పన్నెండింటికి రమ్మన్నారండీ, అంది. ఏ పని మీద అని అడిగాడు.

"మడతల దగ్గర ఎవరో వయసైనాయన మానేస్తున్నారటండీ. ఆ పనికి."

తమ్ముడు నోరు తెరిచాడు. అక్క ముక్కున వేలేసుకుంది. మీ సంగతి నేను చూసుకుంటాగా అన్నాడు మేనేజరు, చూసుకున్నాడు, పాపం మాట తప్పలేదు. సంతకం పెట్టిన మరుక్షణం మేకని కూడా అమ్మేసేవాడన్నమాట. కోపం రావాలి. ఎదురు చూశాడు, రాలేదు. వచ్చింది మళ్ళీ ఆ నవ్వే.

"ఆ వయసైనాయన్ని నేనేనమ్మా. మానేయడం లేదు. నాకే తెలియకుండా మానేయబోయాను, తప్పిపోయింది. నువ్వు మాత్రం వెనక్కెళ్ళకు, లోపలికెళ్ళి అడుగు. పని చాలానే ఉంది, ఇంకో మనిషి కావాల్సిందే. జీతం ఎంతన్నారు?"

"అది లోపల చెప్తామన్నారండీ. బయట ఎవర్నీ అడగొద్దన్నారు."

అతను అక్క వంక చూశాడు. అక్క తల ఊపింది. వెనకాల ఎవరో రోలరు మీట వేశారు, ఆవిరి బుస్సుమంది, వరండా గోడలు చిన్నగా అదరడం మొదలెట్టాయి. అతను ఆవిడకి చెప్పాడు. తనది ఎంత, ఎన్నేళ్ళ నుంచి. అక్కది. తమ్ముడిది. నాలుగు నెలల పిల్లది. బాబాయిది ఎంత, ఎంత కావాలి. ఒక్కొక్కటీ ఆగి ఆగి, పదకొండేళ్ళు పంపు వేయని బోరింగులోంచి మంచినీళ్ళు వచ్చినట్టు. ఆవిడ కంగారుగా కవరు మీద రాసుకుంటోంది. రోలరు చప్పుడు పెరిగింది.

"ఇంకోసారి చెప్తారా అండీ? వినపడలేదు."

ఇంకోసారి చెప్పాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా.